ముత్తాత చేతిలో పెట్టిన సంచి

మా ముత్తాతకి ఫొటో లేదు. బొమ్మ ఒక్కటే ఉంది. నేను ఆరో తరగతిలో ఉండగా చేతికొచ్చిన ఒక బొమ్మల కథల పుస్తకంలో, చివరి పేజీలకి కాస్త ముందు ఉంటుంది. అందులో ఆయన బొజ్జతో, మెలితిప్పిన మీసాలతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ పోలీసు అధికారి చేతిలోంచి నాణేల సంచి అందుకుంటూ ఉంటాడు. వెనక సంకెళ్ళతో ఆ కథలోని రైతుల నాయకుడు నిలబడి ఉంటాడు. వెలుగంతా నాయకుడి మొహం మీదే ఉంటుంది. మా ముత్తాత నోటి దగ్గర మాటల బుడగలో "దొరవారికి నేనెప్పుడూ విధేయుణ్ణే!" అని రాసి ఉంటుంది. కింద ఆయన పేరు, ఇంటిపేరుతో సహా.

ఆ పేరు ఇక్కడ రాయను. నాయకుడి పేరూ, ఊరి పేరూ కూడా రాయను. రాస్తే ఆ పుస్తకం చేసిన పనే నేను ఇంకోసారి చేసినట్టవుతుంది.

ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. నాన్న పోర్టులో కళాసీ. మేం పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున్న నాన్న కూరగాయలకీ ఎండుచేపలకీ పూర్ణా మార్కెట్‌కి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. మార్కెట్ మూల మీద పాత పుస్తకాల కొట్టు ఉండేది. కొట్టు ముందు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఆ పుస్తకాలు ఆరేసేవాళ్ళు. గుర్రమెక్కి యుద్ధం చేసిన రాణి, సముద్రం దాటి వెళ్ళి డాక్టరు చదువు చదువుకున్న ఆడమనిషి, లెక్కలు తప్ప ఇంకేమీ పట్టని పేదింటి కుర్రాడు, ఉప్పెన వచ్చినప్పుడు ఊరంతటికీ అన్నం పెట్టిన జమీందారిణి. అట్ట మీద కుడి మూల ఎర్రటి గుండ్రంలో "నిజంగా జరిగిన కథ" అని ఉండేది. మాస్టారు తప్పు చెప్పొచ్చు, నాన్న తప్పు చెప్పొచ్చు, ఆ ఎర్ర గుండ్రం మాత్రం తప్పు చెప్పదని నా నమ్మకం.

ఒక ఆదివారం తాడు మీద కొత్త అట్ట కనబడింది. జమీందారు శిస్తుల మీద రైతుల్ని కూడగట్టి తిరగబడిన మా వైపు నాయకుడి కథ. తెరిస్తే మొదటి పేజీలోనే మా ఊరి పేరు. ఆనందపురం దాటాక లోపలికి వెళ్తే వచ్చే ఊరు మాది, బస్సు కూడా సరిగ్గా ఆగదు. అలాంటి ఊరి పేరు అచ్చులో చూసి నేను మార్కెట్‌లోనే కేక పెట్టాను. నాన్న మొహం వెలిగిపోయింది. కొట్టువాడితో "మా ఊరే బావా ఇది, మా సొంతూరే!" అని రెండుసార్లు చెప్పి, బేరం కూడా ఆడకుండా కొన్నాడు.

నాన్న కూడబలుక్కుని చదివేవాడు. అందుకని బస్సులో నేనే పైకి చదివి వినిపించాను. సంచి బొమ్మ దగ్గరికి వచ్చాను. కింద ఉన్న పేరు కూడా గట్టిగా చదివేశాను. చదివాక గానీ అది మా ఇంటిపేరని బుర్రకెక్కలేదు. ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు మాకొక్కళ్ళకే ఉంది.

నాన్న పుస్తకం తీసుకుని ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాడు.

"మా తాత సన్నగుండీవోడు," అన్నాడు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాయనమ్మ ఆ ముందేడే ఊరినుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఆ ముత్తాత ఆవిడకి మావగారు. నాయకుణ్ణి పట్టుకున్నప్పుడు ఆవిడ ఆ ఇంట్లో కొత్త కోడలు. చదువు రాదు గనక బొమ్మ చూపించి విషయం చెప్పాం. బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది.

"మావకి బొజ్జేటి? కంచంలో కూడుంటే కదా బొజ్జొచ్చీది! ఆ మడిసిని మా పసువుల సాలలోనే దాసినాం. నాను కాసిన సోడంబలే తాగినాడు. పోలీసులొచ్చి మావని బండిసక్రానికి కట్టీసి కొట్టినారు. సెవిలోంచి రగతం కారింది. సచ్చీదాకా ఆ సెవి మరి ఇనపడనేదు."

"కొట్టినప్పుడు సెప్పీసినాడేటమ్మా?" అని నాన్న అడిగాడు.

"సెప్పాడో, సెప్పనేదో నాకు తెల్దురా. మమ్మల్ని లోపలెట్టి గొళ్ళెం ఎట్టీసినారు. సెప్పుంటే సెప్పుంటాడు. అన్ని దెబ్బలు నువ్వు తింతే నువ్వూ సెప్పుదువు. డబ్బు మాత్రం తీసుకోనేదు. డబ్బే తీసుకునుంటే ఆ ఏడాది ఎడ్లనెందుకు అమ్ముకుంతాం?"

మా ఇంట్లో నిజం అంతే. సగం తెలుసు, సగం తెలీదు. పుస్తకంలో మాత్రం అంతా తెలుసు.

అన్న నాకన్నా మూడేళ్ళు పెద్ద. మా బడిలోనే చదివేవాడు. బడి లైబ్రరీకి కూడా ఆ పుస్తకం వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు మా ఇంటిపేరు వినగానే క్లాసులో ఎవడో "సంచోడు!" అన్నాడట. అంతే. ఆ రోజునుంచి మా అన్న సంచోడు. చొక్కా చించుకుని, పెదవి పగలగొట్టుకుని వచ్చేవాడు. కొన్నాళ్ళకి కొట్లాటలు ఆగిపోయాయి. పిలుపు ఆగిపోయిందనుకున్నాం. కాదు, వాడు పలకడం మొదలుపెట్టాడు.

ఊళ్ళో జరిగింది ఇంకా ఘోరం. పుస్తకం రాకముందు ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ముత్తాత దెబ్బలకి వేపాకు కాచి కడిగినవాళ్ళు అప్పటికింకా బతికే ఉన్నారు. పుస్తకం వచ్చాక వాళ్ళ జ్ఞాపకాలు మారిపోయాయి. నాయకుడి విగ్రహం పెట్టినప్పుడు దండ పట్టుకుని వెళ్ళిన నాన్నని, "పేపరోళ్ళొచ్చినారు, నువ్వు ఎనకుండు బావా, ఎందుకొచ్చిన గొడవ" అని మర్యాదగానే వెనక్కి పంపారు. అదే రోజు టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన, "ఆ సంచి నా కళ్ళతో నాను సూసినాను" అని అందరికీ చెప్తుంటే మాతో వచ్చిన నాయనమ్మ విన్నది.

"ఒరే, ఆ పొద్దు నువ్వు ఊళ్ళోనే నేవు కదరా! మీ మేనత్తింటికి ఎల్లినావు!" అని ఆయన మీదకి వెళ్ళింది.

"పుస్తకంలో ఉంది కదా అప్పా," అన్నాడాయన, ఏ మాత్రం తడుముకోకుండా.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించిన మాట ఈ జన్మలో ఇంకొకటి వినలేదు. అలా అనుకుంటూనే నలభై అయిదేళ్ళు గడిపాను. ఇప్పుడు ఇంకో రెండు మాటలు విన్నాను.

నాన్న, నాయనమ్మ ఎప్పుడో పోయారు. అన్న కూడా పోర్టులోనే చేరి రిటైరయ్యాడు. నేను స్టీల్‌ప్లాంట్‌లో స్టోర్స్‌లో పని చేస్తున్నాను. మా రెండు కుటుంబాలూ పెందుర్తిలో పక్కపక్క వీధుల్లో ఉంటాం. ఈమధ్య బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఆహ్వానం పెట్టారు. ఆ పాత బొమ్మల పుస్తకాలన్నీ కలిపి గట్టి అట్టతో మళ్ళీ వేస్తున్నారట. బీచ్ దగ్గర హాల్లో ఆవిష్కరణ. కథలూ మాటలూ రాసిన రచయిత స్వయంగా వస్తున్నారట. ఆ కబురు కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మా ఇంటిపేరు వాళ్ళే పెట్టారు!

అన్నకి చూపించాను. అతను చదివి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"ఎల్లకు," అన్నాడు.

"ఎందుకెల్లకూడదు?"

"ఎల్లి ఏటి సేత్తావు? పోనీలేయే."

నేను వెళ్ళాను. నాన్న కొన్న ఆ పాత పుస్తకం బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. హాలు నిండా నా ఈడువాళ్ళే. చిన్నప్పటి పుస్తకాలు చూసుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళని ఏమీ అనలేను. ఆ తాడూ, ఆ క్లిప్పులూ నాకూ గుర్తొచ్చాయి, గుర్తొచ్చినందుకు నా మీద నాకే మండిపోయింది. రచయితకి ఎనభై దాటి ఉంటాయి. గోదావరి జిల్లా మనిషి, తెల్ల పంచె, మెత్తటి గొంతు. ఉపన్యాసాలయ్యాక సంతకాల కోసం లైను కట్టారు. నేనూ నిలబడ్డాను.

నా వంతు వచ్చాక పాత పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి మురిసిపోయాడు.

"అబ్బ, మొదటి ముద్రణ! ఎంత భద్రంగా దాచారమ్మా! ఎవరి పేరున రాయమంటారు?"

మా ముత్తాత పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఆయన ఇంటిపేరు రాసి, పేరులో మొదటి అక్షరం దగ్గర ఆగాడు.

"ఈ పేరు ఎక్కడో విన్నట్టుందండీ."

"మీరు రాసిందే. సంచి ఉన్న పేజీ తెరవండి. నేను ఆయన మునిమనవరాల్ని."

ఆయన పేజీ తెరిచాడు. బొమ్మ వంకా నా వంకా చూశాడు. తప్పించుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"నాకు గుర్తుందమ్మా. ఒక్క రోజే వెళ్ళాం ఆ ఊరు, నేనూ, బొమ్మలు వేసే ఆయనాను. ఆయన ఇప్పుడు లేరు. నాయకుడు ఎవరింట్లో దొరికాడని అడిగితే ఎవరో ఈ పేరు చెప్పారు. రాసుకున్నాం."

"ఇంట్లో దొరికాడని చెప్పారు. పట్టించాడని ఎవరు చెప్పారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కథకి అక్కడ ఒకడు కావాలి కదమ్మా. నాయకుడు పట్టుబడ్డాడంటే ఎలా పట్టుబడ్డాడో పిల్లలకి చూపించాలి."

"మరి ఆ సంచి?"

"సంచి బొమ్మలాయన ఆలోచనండి. ద్రోహం అని మాటల్లో చెప్పాలంటే ఆ పేజీలో చోటు లేదు. చేతిలో సంచి పెడితే చూడగానే తెలిసిపోతుంది."

వంట ఎలా చేశారని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. మా మీద ఆయనకి పగ లేదు. పగ ఉన్నా నేను తట్టుకునేదాన్నేమో. పేజీలో చోటు లేదట! చోటు లేక మా ముత్తాత చేతిలో సంచి పెట్టారు.

"ఊరిదాకా వెళ్ళినవాళ్ళు ఆ ఇల్లెక్కడని అడగలేదా? అప్పటికింకా మా నాయనమ్మ ఊళ్ళోనే ఉంది. అంతా చూసిన మనిషి."

"సాయంత్రం బస్సు అందుకోవాలమ్మా. అదొక్కటే బస్సు."

అప్పుడు నా గొంతు లేచింది. స్టోర్స్‌లో ఆఫీసర్లతో మాట్లాడే భాష ఎటు పోయిందో తెలీదు, నాయనమ్మ భాష వచ్చేసింది.

"నిజంగా జరిగిన కథ అనీసి ఎర్రగా గుద్దినారు కదా! ఏటి జరిగిందో ఒక్కల్నైనా అడిగినారేటి? మీకు బస్సు ఎల్లిపోతాదనీసి మా ఇంటిపేరు నలభై అయిదేళ్ళు ఈడ్సుకుంటామేటి మేము?"

హాలంతా ఇటు తిరిగింది. ఫోన్లు పైకి లేచాయి. పుస్తకాలు వేస్తున్న కుర్ర పబ్లిషరు పరుగెత్తుకొచ్చి, నన్ను పక్కకి రమ్మన్నాడు. రానన్నాను. ఇక్కడే చెప్పు, వచ్చే ముద్రణలోనైనా ఆ సంచి తీస్తావా తియ్యవా అన్నాను.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇవి వింటేజ్. ఒక్క గీత కూడా మార్చకుండా వెయ్యడంలోనే వీటి విలువంతా ఉంది. సేకరించేవాళ్ళు ఒప్పుకోరు."

నేను బల్ల మీది కొత్త పుస్తకం తిరగేశాను. "పాతదాని వెనక అట్ట మీద తలనూనె ప్రకటన ఉంది. ఇందులో లేదే? అది మార్చొచ్చు గానీ మా ముత్తాత చేతిలో సంచి తియ్యకూడదా?"

అతను ఆ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద సర్దాడు. లైనులో వెనకనుంచి ఒకావిడ, "చిన్నపిల్లల పుస్తకానికి ఇంత గొడవా అండీ?" అంది. ఆవిడ వైపు తిరిగేలోపల చూస్తే రచయిత నా పుస్తకంలో, ఆ బొమ్మ కింద, ఏదో రాస్తున్నాడు. "క్షమించ" దాకా వచ్చింది. పుస్తకం లాగేసుకున్నాను. కలం గీత పేజీ అడ్డంగా పాకింది.

"నా పుస్తకంలో వద్దు. అమ్మేవాటిలో రాయండి," అని వచ్చేశాను.

ఎవరో తీసిన వీడియో రెండు రోజులు తిరిగింది. దానికి భయపడ్డారో ఏమో, మిగిలిన ప్రతుల్లో ఒక చీటీ అంటించారు. "ఈ సంపుటిలోని కొన్ని పాత్రలు, సన్నివేశాలు కథా సౌలభ్యం కోసం కల్పించబడినవి." ఏ పాత్రలు? ఏ సన్నివేశాలు? సముద్రం దాటిన డాక్టరమ్మ కల్పనా, ఉప్పెనలో అన్నం పెట్టిన తల్లి కల్పనా? పోయినవాళ్ళందరి మీదా కాస్త బురద చల్లి మా ఒక్కళ్ళకీ న్యాయం చేశామన్నారు. అట్ట మీద ఎర్ర గుండ్రం మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రచయిత ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరో ఇచ్చారట. సంచి తియ్యమని తను చెప్పానని, వాళ్ళు వినలేదని అన్నాడు. తర్వాత, "మీ నాయనమ్మగారు ఏం చెప్పేవారో నాతో చెప్తారా అమ్మా?" అని అడిగాడు. పెద్దాయన కదా, ఇప్పటికైనా అడిగాడు కదా అని అంతా చెప్పాను. పశువుల సాల, అంబలి, బండిచక్రం, చెవి, అమ్ముకున్న ఎడ్లు. దెబ్బలకి ఓర్చుకోలేక చెప్పి ఉండొచ్చన్నది కూడా దాచలేదు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

"ఇది అప్పుడే తెలిసుంటే కథ ఎంత బాగా వచ్చేదండీ!" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. 

ఆ సంపుటాల్ని మా ఊరి బడికి ఎవరో దానం చేశారని తెలిసి, ఒక శనివారం అన్న బండి మీద వెళ్ళాను. అతనికి ఇష్టం లేదు, అయినా తీసుకెళ్ళాడు. బడి లోపలికి మాత్రం రాలేదు. హెడ్‌మిస్ట్రెస్ మా ఊరిది కాదు, మంచిది. నా మాట విని, "మీరే పిల్లలకి చెప్పండి" అని ఏడో తరగతిలోకి పంపింది. పుస్తకం తెరిచి, ఈ బొమ్మ అబద్ధం అని చెప్పాను. నాయనమ్మ చెప్పినదంతా చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు.

ముందు బెంచీలో పిల్ల లేచి, "అయితే ఆయన్ని ఎవులు పట్టిచ్చినారు మేడం?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

ఆ పిల్ల మొహంలో నిరాశ నాకు స్పష్టంగా కనబడింది. నేను చెప్పిన దాంట్లో చూడ్డానికి బొమ్మ లేదు, తిట్టుకోవడానికి మనిషి లేడు. పుస్తకంలో రెండూ ఉన్నాయి. నేను గది దాటకముందే ఇద్దరు పిల్లలు ఆ పేజీ కోసం పోట్లాడుకుంటున్నారు.

తిరిగి వస్తూ ఆనందపురం జంక్షన్‌లో టీకి ఆగాం. నేను తిడుతూనే ఉన్నాను, పబ్లిషర్నీ, రచయితనీ, ఊరినీ. అన్న గ్లాసు కింద పెట్టి, "ఇంక సాల్లేయే. అయిపోయింది కదా," అన్నాడు. దాంతో నా కోపం అతని మీదకి మళ్ళింది.

"నీకు రోసం నేదా అన్నా? నిన్నే కదా అన్నారు! ఒక్కసారైనా ఎదురు తిరిగినావేటి?"

అన్న రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "నాను రిటైరైన రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావు, రానేదు. దండలేసినారు, సాలువా కప్పినారు. బళ్ళో నాతో సదూకున్నోడు మైకు తీసుకొని, మన సంచోడు ఇయాల ఎల్లిపోతన్నాడు అన్నాడు. అందరూ నవ్వినారు. ఆలకి తెల్దు అదేటో. ముప్పై ఏళ్ళు ఆల నోట్లో అదే నా పేరు. మనవరాలు పక్కనే కూకుంది. తాతా, సంచోడంతే ఏటి అనడిగింది."

"ఏటి సెప్పినావు?"

"పోర్టులో సంచులు మోసీవోణ్ణి కదమ్మా, అందుకే అలగంతారు అన్నాను."

మా అన్న పోర్టులో ఒక్క సంచి కూడా మొయ్యలేదు. క్రేను నడిపాడు. అంత ఎత్తున కూర్చుని, ఓడల్లోంచి బొగ్గు దించిన మనిషి.

"నిజం సెప్పకపోయావా?"

"పుస్తకం సూపించి సెప్పమంతావేటి?" అన్నాడు. టీకి డబ్బులిచ్చి బండి తీశాడు.

పెందుర్తిలో నన్ను మా ఇంటి దగ్గర దింపేసి వెళ్ళాడు. ఇంట్లో మావారు కోపం తగ్గిందా అని అడిగారు. తగ్గలేదన్నాను. మర్నాడు పబ్లిషరుకి మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ పై వారం చేశాను. ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను.